మామయ్యగారి తీరిక

ఉప్పునీటి అక్వేరియంలో పాచి మీద మామయ్యగారు గెలిచారు. రెండు నెలలు అద్దాలు గోకి, నీళ్లు మార్చి, లైటు ఆర్పి చూశాక ఈ వారమే వదిలింది.

“ఇక తీరికే అమ్మాయ్! మన వంటింటిని కూడా ఓ దారిలో పెడదాం,” అన్నారు.

డబ్బాలన్నీ దించి ఎత్తుల వారీగా సర్దారు. గిన్నెలు ఎలా తోమాలో నా పక్కనే నిలబడి చెప్పారు. రెండు రోజులకే నా ప్రాణం విసిగిపోయింది.

మేత ఎక్కువైతే పాచి పడుతుందని ఆయనే అన్నారు. ఆయన స్నానానికి వెళ్లగానే చేపల మేత డబ్బా మూత తీశాను.

వెనక నుంచి అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

“నువ్వూ వెయ్యకమ్మా, చేపలు చస్తాయి,” అన్నారు గొంతు తగ్గించి. “రెండు నెలల నుంచి రోజూ ఓ చిటికెడు ఎక్కువ నేనే వేస్తున్నా. మా చెల్లెలింటికి ఓ వారం వెళ్లొచ్చేసరికి ఈయన గెలిచి కూర్చున్నాడు!”