ఎత్తుకున్న చిట్టి

"చిట్టి ఎవరికి రాయాలె?" మా విడాకుల పంపకాలు కాగితం మీద పెడుతూ మాదన్నపేట పెద్దమనిషి రామ్‌చందర్ కాక అడిగాడు.

మా పాపను ఇంట్లో అందరూ చిట్టి అనే పిలుస్తారు.

"నాకొద్దు, ఆమెకే రాయి," అన్నాడు మా ఆయన మహేందర్.

"నాకే కాకా, జల్ది రాయి!" అన్నాను.

"మంచిగ సోంచాయించు బిడ్డా. మహేందర్ ఎత్తుకున్న చిట్టి, పైసలు ముందుగాలనే తీస్కున్నడు. ఇంకా ఏడాది కిస్తీలు నువ్వే కట్టాలె."

"కిస్తీలేంది? నేను పాప అనుకున్న!"

మహేందర్ పగలబడి నవ్వాడు. "పాప మా అమ్మ దగ్గరుంటది."

కాక రాసింది కొట్టేయబోతే ఆపాను. "ఉండనీ కాకా. కిస్తీలు నేనే కడత. పాపను గూడ నాకే రాయి."

"మొత్తం కడతవా?" అడిగాడు మహేందర్.

"మొత్తం."

"అయితే రాయి కాకా. మళ్ల మాట మారుస్తదేమో, ముందుగాల సంతకం పెట్టించు."