ఐదోసారి కదిలిన వేలు

"అది కలేనంటోంది నా కోడలు. సువా పట్నంలో డాక్టరీ చదువుకొచ్చిన నువ్వూ అదే అంటావా, నాయనా?" అంది వసేమదా, పక్క మీంచి లేవకుండానే.

నిన్నటి ఆపరేషన్‌లో ఆమెకు మత్తిచ్చిన అపెనిసా కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. "మత్తులో చిత్రమైన కలలొస్తాయి, పెద్దమ్మా."

"ఆపరేషన్ మధ్యలో, వండిన పాలుసామి కూర మాడిపోయిందని నర్సు నీతో చెప్పింది. మాడింది నాకెందుకు పెట్టావన్నావు నువ్వు. కలేనా? పొట్ట కోస్తుంటే అరుద్దామంటే నోరు కదల్లేదు, రెప్ప కదల్లేదు."

ఆ మాట అతను నిజంగానే అన్నాడు.

"ఒళ్ళు సడలించే మందు వేరు, నిద్రపుచ్చేది వేరు" అన్నాడు మెల్లగా. "సడలింపు ఎంత మిగిలిందో తెలియడానికి మణికట్టు దగ్గర వరసగా నాలుగుసార్లు చిన్న కరెంటు పెడతాం. బొటనవేలు..."

"నాలుగుసార్లు ఎగిరింది. మొగలి చాపలల్లే వేళ్ళు నావి, లెక్క తప్పను. నాలుగూ అయ్యాక మెలకువగా ఉన్నానని నీకు తెలియాలని, ప్రాణమంతా కూడదీసుకుని ఐదోసారి నేనే కదిపాను. అప్పటికి నువ్వు అటు తిరిగావు కాబోలు. ఆ తర్వాత వేలు కూడా చచ్చిపోయింది."

అతను అటు తిరగలేదు. ఐదోసారి కదలడం చూసి, సడలింపు మందు చాలలేదనుకుని మళ్ళీ ఎక్కించాడు. నిద్రమందు గొట్టం ఊడి ఉండటం కుట్లు వేసేటప్పుడుగానీ చూసుకోలేదు.

"చూశాను, పెద్దమ్మా. చూసే మళ్ళీ మందిచ్చాను. తప్పు నాదే."

వసేమదా చేతిని దుప్పట్లోకి లాక్కుంది.

"నువ్వు చూడలేదనుకున్నాను."

ఆమెకు మిగిలిన ఊరట అదొక్కటేనని అతనికి అప్పుడు తెలిసింది.