ఉక్కు మీద అరచెయ్యి

"సముద్రపు పొగమంచు పట్టి దీనిమీద ఉప్పు చేరింది. మళ్లీ ఇసుక చిమ్మి బ్లాస్టింగ్ చేయందే రంగు నిలవదు," అంది బోక్‌రే, తాను తుప్పు వదిలించిన ఓడ గోడకు అడ్డంగా నిలబడి.

"తళతళలాడుతోందిగా అక్కా," అన్నాడు మేస్త్రీ బాంగ్.

"ఉప్పు కంటికెక్కడ కనబడుతుంది?"

"ఈరోజే రంగెయ్యమని పైవాళ్ల మాట. తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. చేతి తొడుగు లాగేసి, చెమట పట్టిన అరచేతిని ఉక్కుకు గట్టిగా అదిమింది. వట్టి చెయ్యి తగిలిన చోట తెల్లారేసరికి తుప్పు తేలుతుందని గోజే ఓడల యార్డులో నిన్న చేరినవాడికైనా తెలుసు. ఇక బ్లాస్టింగ్ మళ్లీ చేయక తప్పదు.

"నేనే పాడుచేశానని రాసుకో."

బాంగ్ తన తొడుగు తీశాడు. ఆ చెమట ముద్ర పక్కనే తన అరచెయ్యి అదిమాడు.

"ఇద్దరమని రాస్తాను."