ఐదో ‘ఎందుకు’

వాకిట్లో చక్రాల పెట్టె నిలబడి ఉంది. ఫుసాయె గడప మెట్టు మీద కూర్చుని ఒక కాలికి బూటు తొడుక్కుంది. రెండోది ఇంకా చేతిలోనే ఉంది.

“వెళ్తున్నానండీ. ఫ్రిజ్‌లో కూర పెట్టాను, వేడి చేసుకుని తినండి,” అంది.

ఆమె భర్త సుగియూరా తెత్సుజి టీ కప్పును దాని చోటున, అంటే ఆ ఉదయమే తాను బల్ల మీద గీసిన వలయంలో, పెట్టాడు. కిరిహర మోటార్స్ నాణ్యతా విభాగం నుంచి అతను రిటైరైంది నిన్ననే. వీడ్కోలుకు ఇచ్చిన పూలగుత్తి ఇంకా వాడలేదు. పెయింటు విభాగం నోనోయామా భార్య కూడా సరిగ్గా ఇలాగే, అతను రిటైరైన మర్నాడే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. కార్ల తయారీ మీదే బతికే ఆ ఊళ్ళో అటువంటివి ఇప్పుడు వింత కావు. నోనోయామా ఈనాటికీ మూడు పూటలా కప్పు నూడుల్సే తింటున్నాడు.

తన వంతూ వచ్చిందనుకున్నాడు తెత్సుజి. అన్నం వండే మిషన్‌కు ఏ మీట నొక్కాలో కూడా అతనికి తెలియదు. అయినా కిరిహర మనిషి కంగారుపడడు.

ఏటా వసంతకాలంలో కొత్తగా చేరినవాళ్ళకు సంస్థ చరిత్ర చెప్పే బాధ్యత అతనిదే. పట్టుదారం తీసే యంత్రాల నుంచి లారీలకు ఎదిగిన సంస్థ అది. తొలిసారి ఓడలో ఆస్ట్రేలియాకు పంపిన లారీలు ఇరుసులు విరిగి అక్కడి దుమ్ములో కూలబడ్డాయట. వ్యవస్థాపకుడు ఎవరినీ తిట్టలేదట. ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడిగాడట. ఇరుసుకు ఉక్కు, ఉక్కుకు కొలిమి, కొలిమికి తడిబొగ్గు, బొగ్గుకు కార్ఖానా కారే పైకప్పు, పైకప్పుకు తన పిసినారితనం కారణమని తేలిందట. ఆయన కప్పు బాగు చేయించాడు. కిరిహర బండి యజమాని కన్నా ఎక్కువకాలం బతుకుతుందన్న పేరు అప్పటినుంచే వచ్చిందంటారు. ఈ కథలో నిజమెంతో ఎవరూ పరిశీలించలేదు. కప్పు మాత్రం ఇప్పటికీ కారదు.

“నేనూ అక్కా కలిసి...” అని ఫుసాయె ఏదో చెప్పబోయింది.

తెత్సుజి చెయ్యెత్తి ఆపాడు. “ఎక్కడికి, ఎవరితో అన్నది నాకక్కర్లేదు. అలా అడిగితే మనిషి దొరుకుతాడు గానీ కారణం దొరకదు. ఎందుకు వెళ్తున్నావో అది చెప్పు.”

ఫుసాయె ఆశ్చర్యపోయింది. పెళ్ళైనప్పటినుంచీ అతను ఆమెను ఎందుకని అడగడం అదే మొదలు.

“ఎందుకేమిటండీ? ఇవాళ్టినుంచి మీరు ఇంట్లోనే ఉంటారుగా.”

తెత్సుజి బొటనవేలు మడిచాడు. “నేనింట్లో ఉంటే నువ్వెందుకు వెళ్ళాలి?”

“తెల్లారేసరికి వంటింట్లో ప్రతి గిన్నె చుట్టూ పసుపు టేపు అతికించారు. గరిటె గీత దాటిందని నన్ను నిద్ర లేపి మరీ చూపించారు!”

“వస్తువు తన చోట ఉంటే వెతుకులాట ఉండదు.”

“ఇన్నేళ్ళలో గరిటె కోసం నేనెప్పుడూ వెతుక్కోలేదు. వెతుక్కున్నదల్లా మిమ్మల్నే.”

ఇది పైకి కనిపించే లక్షణమే తప్ప మూలం కాదని తెత్సుజి నిర్ధారించుకున్నాడు. చూపుడువేలు మడిచాడు. “టేపు అతికిస్తే నీకెందుకు కోపం?”

“వంటిల్లు నాది కనక. ఒక్క మాట నన్నడిగారా?”

“నేనెందుకు అడగలేదంటావు?”

 ఫుసాయె తొడుక్కున్న బూటు కూడా విప్పి పక్కన పెట్టింది. అది చూసి తెత్సుజికి ధైర్యం వచ్చింది. పద్ధతి పనిచేస్తోంది.

“అడగాలని మీకు తోచదు. మా అమ్మ పోయిననాడు కార్ఖానాలో లైను ఆగిందని ఫోనొస్తే, అగరొత్తి గుచ్చేసి వెళ్ళిపోయారు. గుర్తుందా?”

“ఆ రోజు బ్రేకు గొట్టాల్లో లోపం...”

“గొట్టాల్లో లోపం మీకింకా గుర్తుంది. ఆ రోజు నేనేమన్నానో చెప్పండి చూద్దాం.”

తెత్సుజికి గుర్తు రాలేదు. అయితే అది ‘ఎందుకు’ అనే ప్రశ్న కాదు కనుక దానిని వదిలేశాడు. ఇక మిగిలింది ఐదోదే. దానిని తొందరపడి అడగకూడదని కొత్తవాళ్ళకు చెప్పింది తానే. మూలం ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అతను బాగా ఆలోచించాడు.

“సరే. ఇదంతా నిజమే అనుకుందాం. మరి ఇన్నాళ్ళూ నువ్వెందుకున్నావు?”

 ఈ సంగతి తనకూ ఇప్పుడే తెలుస్తున్నట్టు ఫుసాయె చేతిలోని బూటును తిప్పి చూసింది.

“మీరు ఇంట్లో లేరు కనక,” అంది.

తెత్సుజి చిటికెనవేలు మడిచాడు. పిడికిలి పూర్తయింది. వాదించలేదు, నొచ్చుకోలేదు. కారణం స్పష్టంగా, కొలతకు సరిపోయినట్టు దొరికింది. కారణం దొరికిన లోపం సగం తీరినట్టే. కార్ఖానాలో లోపాన్ని ఎత్తి చూపిన పనివాడి ముందు వంగినట్టే భార్య ముందు నడుం వంచాడు.

“చూపించినందుకు కృతజ్ఞతలు. నివారణ సంగతి నేను చూస్తాను.”

“నేనే చెప్పాలి కృతజ్ఞతలు,” అని ఫుసాయె కూడా అంతే మర్యాదగా తల వంచింది. “మీరు అడక్కపోతే నాకు తెలిసేదే కాదు.”

తర్వాత రెండు బూట్లూ తొడుక్కుంది. లేచి నిలబడి సంచిలోంచి ఫోను తీసింది.

“అక్కా, బయల్దేరాను. గెరో వేడినీటి బుగ్గల దగ్గర మన గది రెండు రాత్రులకేగా? ఆ తర్వాత నువ్వు వెనక్కి వచ్చెయ్యి, నా తిరుగు టికెట్టు మాత్రం రద్దు చేసెయ్.”