పదిహేడో నంబరు

ల్యాబులో అందరూ ఆమెను పురుగులమ్మ అంటారు. అంటే అననీ, అయిదేళ్లుగా ఆమె చదువంతా వాటి మీదేగా!

కంటికి కనబడని పురుగులవి. ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి లేనివాళ్ల పేగుల్లో కాపురం పెడతాయి. దేని వంశం ఏమిటో, ఏది ఏ మందుకు లొంగుతుందో తేల్చడం ఆమె పని.

అన్నిట్లోకీ మొండిఘటం పదిహేడో నంబరు రోగి పురుగు. ఏ మందు వేసినా చావదు. రెండు మందులు కలిపి వేస్తే మాత్రం చచ్చింది. ఆ సంగతి వెంటనే ఆస్పత్రికి రాసి పంపింది.

గైడుగారు మాత్రం మెచ్చుకోలేదు. నెలాఖరులోగా ఇంకోసారి చేసి చూపిస్తేనే పట్టా, లేకపోతే మళ్లీ మొదటికే అన్నాడు.

చూపిద్దామంటే నమూనా అయిపోయింది. అవి సీసాల్లో బతకవు, మనిషి దగ్గర్నుంచి తాజాగా రావలసిందే. ఆ మనిషెవరో ఆమెకు తెలియదు. ల్యాబుకు రోగుల పేర్లు చెప్పరు, నంబర్లే. పదిహేడో నంబరును అడిగి ఇంకో నమూనా పంపమని ఆస్పత్రికి రాసి, కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

ఆ మధ్యాహ్నం మాస్కు పెట్టుకున్న పెద్దాయనొకడు సంచీతో గుమ్మంలో నిలబడి పేరు చెప్పాడు. ఆమె ఎప్పుడూ వినని పేరు. గ్లవ్సులు అమ్మేవాళ్లు రోజూ వచ్చే గుమ్మమే అది.

"మాకేం వద్దండీ, నిన్ననే కొన్నాం."

"అమ్మడానికి కాదమ్మా. ఊరికే ఇస్తా."

"మొదట అందరూ ఊరికే ఇస్తారండీ."

ఆయన వరండాలో ఉన్న నలుగురినీ చూసి నసిగాడు. గొంతు తగ్గించి, "రేపట్నించి కావాలన్నా దొరకదమ్మా," అన్నాడు.

ఈ మాట చెప్పని ఏజెంటు ఎవడు? ఆమె నమస్కారం పెట్టి మరీ తలుపు వేసేసింది.

పది రోజులైనా ఆస్పత్రి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఓపిక నశించి, ఫోన్ చేసి నర్సును కడిగిపారేసింది.

నర్సు తాపీగా విన్నది.

"ఆయన నిక్షేపంగా ఉన్నాడు మేడమ్. మీరు రాసిన మందులే వేశాం. ఇప్పుడు భూతద్దం పెట్టి వెతికినా ఒక్క పురుగు లేదు."

ఆమె గుండె సంతోషంతో ఎగిరింది. వెంటనే జారింది.

"మరి మందులేసే ముందు నమూనా తీసి పంపొచ్చు కదా?"

"పంపుతామంటే ఆయన వింటేనా! తనకోసం కష్టపడిన పిల్లను కళ్లారా చూసి, తన చేత్తోనే ఇచ్చి వస్తానన్నాడు."

అయిదేళ్ల చదువును కడుపులో మోసుకుని నడిచొచ్చిన మనిషిని ఆమె చేతులారా సాగనంపింది.