మూడో పంపు

"తాళం తిప్పరా," నా పాత కారు పక్కన గొంతుక్కూర్చుని, పెట్రోలు ట్యాంకుకు చెవి ఆనించి కేకేశాడు మా బావ. చప్పుడు విని బండి రోగం చెప్పే మెకానిక్ ఆయన.

తిప్పాను. బండి స్టార్టు కాలేదు.

"ఇదీ తిరగట్లేదు. ట్యాంకులో మార్చిన మూడో పెట్రోలు పంపురా. నీ బండికి ఏ దిష్టి తగిలిందో."

సీట్లో ఉన్న నాకు పంపు గుయ్యిమనడం వినబడుతూనే ఉంది.

"తిరుగుతోంది బావా," కిటికీలోంచి అరిచాను.

"నాకే నేర్పుతావా? మళ్ళీ తిప్పు."

తిప్పాను. ఈసారి చెవి తీసి, ట్యాంకు మీద అరచెయ్యి పెట్టాడు. ఎంతసేపటికీ తియ్యలేదు.

లేచి, తాను పీకి మూలన పారేసిన రెండు పంపుల వంక చూశాడు.

"పంపు బాగానే ఉంది. బండి ఇంకో షెడ్డుకి తీసుకుపో."

"మరి లోపమెక్కడ బావా?" మెల్లగా అడిగాను.

చేతులు తుడుచుకుంటూ వెళ్తున్న మనిషి వెనక్కి తిరగలేదు.