ఢిల్లీ నుంచి ఫోను

తాతబ్బాయి పొద్దున్నించీ ఫోను చేతిలోంచి దింపలేదు.

పాత మంత్రివర్గం రాజీనామా చేసింది. పార్టీ మళ్ళీ గెలిచింది గానీ ప్రధాని మారుతున్నాడు. రేపు పొద్దున్నే కొత్త మంత్రుల ప్రమాణస్వీకారం. పదవి ఇచ్చేవాళ్ళకి ఇవాళ ఢిల్లీ నుంచి ఫోను వస్తుంది. రానివాళ్ళు మాజీలు. మొన్నటిదాకా కేంద్రమంత్రిగా వెలిగిన తాతబ్బాయి ఆ మాట ఎవర్నీ తన ముందు అననివ్వడం లేదు.

"ఢిల్లీలో గేటు నిండా విలేకర్లు. వాళ్ళ మధ్య కూర్చుని ఎదురుచూడ్డమెందుకు? వచ్చే ఫోను ఎక్కడున్నా వస్తుంది" అని భార్య కళే ఆయన్ని పుట్టిన చోటికి లాక్కొచ్చింది. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ లంబాలైన్ పేటలో ఆయన అక్కగారిల్లు. ఎయిర్‌పోర్టుకి ఆనుకునే ఉంటుంది. విమానం లేచినప్పుడల్లా ఆ హోరులో రింగు వినపడదేమోనని ఆయన ఫోను చెవికి అంటించుకుంటున్నాడు.

పది దాటాక నూకన్న వచ్చాడు. చిన్ననాటి నేస్తం. డింగీ అనే చిన్న మరపడవ మీద చేపలవేట అతని బతుకు.

"ఒరే తాతబ్బాయ్, రారా, డింగీ మీద ఓ రౌండ్ కొట్టొద్దారి. బస్, ఓ గంట."

"నాకిప్పుడు చేపలేట్రా!"

"వెళ్ళి రండి," అంది కళ. "ఫోను నాకివ్వండి. అక్కడ ఎలాగూ సిగ్నల్ ఉండదు. మోగితే నేను మాట్లాడతాను."

పార్టీ కార్యకర్త మణికుమార్ హడలిపోయాడు. "దీదీ, ఈ టైములో సార్‌ని సముద్రం మీదకి పంపుతారా?"

కళ అప్పటికే ఆయన చేతిలోంచి ఫోను తీసేసుకుంది. నూకన్న చేతికి క్యారియర్ అందించింది.

ఒడ్డు సన్నటి గీతలా మిగిలేసరికి ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

నూకన్న మూత తీశాడు. ఏదో విప్పాడు, తుడిచాడు, మళ్ళీ బిగించాడు. తాడు లాగాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఎంతసేపురా?"

"టెన్షన్ మత్ లో. అయిపోద్ది."

అవలేదు. తాతబ్బాయి అరిచాడు. నూకన్నని తిట్టాడు, ఇంజనుని తిట్టాడు, ఆ ఇంజను చేసినవాణ్ణీ తిట్టాడు. పార్టీలో తనంటే గిట్టనివాళ్ళని పేరుపేరునా తిట్టాడు. వినడానికి చేపలు తప్ప ఎవరూ లేరు. కాసేపటికి గొంతు ఎండిపోయింది.

"ఆకలేత్తందిరా," అన్నాడు.

ఇరవై ఏళ్ళ ఢిల్లీ ఒక్క మాటతో ఊడిపడిపోయింది. నూకన్న పకపకా నవ్వి క్యారియర్ విప్పాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో చద్దన్నం, ఎండుచేపల వేపుడు కలుపుకుని తిన్నారు. తర్వాత తాతబ్బాయి గాలం వేశాడు. చెయ్యంత వంజరం పడింది. చిన్నపిల్లాడిలా లేచి గంతేస్తే డింగీ ఒరిగింది. "కూకోరా, ఇద్దరం పోతాం!" అని నూకన్న చొక్కా పట్టి లాగాడు. ఆ తర్వాత ఆయన వలమీద తల పెట్టుకుని నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

పొద్దు వాలుతుంటే ఇంజను దయతలిచింది.

జెట్టీ మీద కళ, మణికుమార్ నిలబడి ఉన్నారు. మణికుమార్ కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"మూడుసార్లు వచ్చిందండీ," అంది కళ మెల్లగా. "వెంటనే బయల్దేరమన్నారు. మీరెటు వెళ్ళారో ఎవరికీ తెలీలేదని చెప్పాను. చివరి విమానం కూడా వెళ్ళిపోయాక, ఇంక వేరేవాళ్ళకి ఇచ్చేస్తామన్నారు."

"అరే నూకన్నా, క్యా కర్ దియా తూనే!" అంటూ మణికుమార్ మీదకొచ్చాడు. నూకన్న తల దించుకున్నాడు.

తాతబ్బాయి జెట్టీ అంచున కూలబడ్డాడు. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టాడు.

"మూడుసార్లా?"

"మూడుసార్లు."

"చూశావా మణీ! నేను కావాలని మూడుసార్లు చేశారు. నేనే దొరకలేదు! వాణ్ణేం అనకు. ముందా వంజరం కోయించండి."

మర్నాడు టీవీలో ప్రమాణస్వీకారం వస్తుంటే కాలు మీద కాలేసుకుని చూశాడు. తన శాఖ దక్కినవాడు లేచి నిలబడగానే, "పాపం, నూకన్న ఇంజను పుణ్యమా అని మంత్రయ్యాడు," అని చప్పట్లు కొట్టాడు. ఫోను చేసిన ప్రతివాడికీ ఆ కథే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ వంజరం ఇంకాస్త పెరిగింది. రాత్రి నిద్రమాత్ర వేసుకోకుండానే నిద్రపోయాడు. వారం రోజులు ఉండి, ఇంక ఏటా వస్తానని అక్కకి మాటిచ్చాడు.

వెళ్ళే రోజు నూకన్న ఎయిర్‌పోర్టుకి వచ్చాడు. తాతబ్బాయి ఎవరితోనో సెల్ఫీ దిగుతుంటే, కళని పక్కకి పిలిచాడు. మనిషి సగమైపోయాడు.

"అమ్మా, ఆడికి నిద్ర లేదు, సాయంత్రం దాకా తేవొద్దన్నావు. మంచి ఇంజనుని పాడైపోనాదని నాటకమాడేను. ఎక్కడుంటానో నీకు సెప్పే ఎల్లేను గదా? ఢిల్లీ ఫోనొచ్చినప్పుడు ఎవుడి సేతైనా కబురెట్టుంటే, బేగి తెచ్చీసేవోణ్ణి. ఆడి పదవి నా సేతుల్తో పోగొట్టీసేను."

కళ భర్తవైపు చూసింది. ఆయన రెండు చేతులూ చాపి వంజరం ఎంతుందో చూపిస్తున్నాడు.

"ఫోనొస్తే కదన్నయ్యా, కబురు పెట్టడానికి!"